ఎలక్ట్రిక్ గిటార్‌లో టోన్ కెపాసిటర్ ఎంపిక: విలువ, పదార్థం, వినికిడి

వ్యాససంగ్రహం:

ఎలక్ట్రిక్ గిటార్‌లో టోన్ నాబ్‌కు అనుబంధంగా ఉండే కెపాసిటర్ చాలా చిన్న భాగం. అయినా దాని చుట్టూ వాద్యకారుల మధ్య ఎడతెగని వాదం ఉంది. కాగితం, నూనె, పింగాణీ, పాలిస్టర్ వంటి పదార్థాలను బట్టి ధ్వని మారుతుందని ఒక వర్గం నమ్మితే, కెపాసిటన్స్ విలువ తప్ప మరేదీ ముఖ్యం కాదని మరొక వర్గం వాదిస్తుంది. కెపాసిటర్‌ను విడిగా కాక పికప్ ప్రేరకత్వం, పొటెన్షియోమీటర్ నిరోధం, కేబుల్ కెపాసిటన్స్‌లతో కలిపి చూసినప్పుడు ఈ వాదంలో చాలా భాగం తేలిపోతుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఎలక్ట్రిక్ గిటార్, పికప్, కెపాసిటర్, అనునాదం, నాదగుణం, రోధకం.

1. ఉపోద్ఘాతం

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారిలో చాలామంది టోన్ నాబ్‌ను 10 అంకె వద్ద ఉంచి మళ్లీ దాని జోలికి పోరు. తిప్పితే ధ్వని మసకబారుతుందని, స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని వారి అనుభవం. ఆ అనుభవం నిజమే. అయితే తప్పు నాబ్‌ది కాదు. దాని వెనుక చెక్కలో తొలిచిన గూటిలో ఉండే కెపాసిటర్ విలువ ఆ పికప్‌కు గాని, ఆ వాద్యకారుని అవసరానికి గాని తగినది కాకపోవడమే అందుకు తరచుగా కారణం. కొద్దిపాటి ఖరీదు చేసే భాగం కుదరకపోవడం వల్ల వాద్యంలోని ఒక అంగమే నిరుపయోగంగా మిగిలిపోతోంది.

ఇందుకు పూర్తిగా భిన్నమైన దృశ్యం మరొకటి ఉంది. 1950ల చివరి గిబ్సన్ లెస్ పాల్ గిటార్లలో అమెరికాకు చెందిన స్ప్రేగ్ సంస్థ తయారుచేసిన కెపాసిటర్లు ఉండేవి. నల్లని ఒంటిపై రంగుచారలు ఉండటం వల్ల వాటికి ‘బంబుల్‌బీ’, అంటే తుమ్మెద, అన్న పేరు స్థిరపడింది. ఆ చారలు అలంకారం కావు, విలువను తెలిపే సంకేతాలు. కాని నేడు వాటికి అలంకారానికి మించిన ప్రతిష్ఠ ఉంది. పాత పరికరాల నుంచి ఊడదీసిన ఇటువంటి కెపాసిటర్లు కొత్తవాటికన్నా ఎన్నో రెట్ల ధర పలుకుతున్నాయి. ఒకరు ముట్టుకోని నాబ్ వెనుక ఉన్న భాగానికే మరొకరు అంత ధర పెడుతున్నారంటే, ఆ భాగం చేసే పని ఏమిటో మొదట తేల్చుకోవలసి ఉంటుంది.

2. పికప్, కేబుల్, అనునాదం

పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన సాధనం. ఉక్కు తంతి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు వల్ల తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. తీగచుట్టకు నిరోధంతో పాటు ప్రేరకత్వం కూడా అధికంగా ఉంటుంది. పాతకాలపు పద్ధతిలో చుట్టిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ సింగిల్ కాయిల్ పికప్‌కు సుమారు 2.2 హెన్రీల ప్రేరకత్వం, 6,000 ఓమ్‌ల నిరోధం ఉంటాయి. గిబ్సన్ సంస్థలో సేథ్ లవర్ 1955 ప్రాంతంలో రూపొందించిన హంబకర్ పికప్‌లో రెండు తీగచుట్టలు ఉంటాయి. వాటి ద్వారా విద్యుత్ సరఫరా నుంచి వచ్చే రొదను అది రద్దు చేస్తుంది. దాని ప్రేరకత్వం సుమారు 4.4 హెన్రీలు, నిరోధం 8,000 ఓమ్‌లు అనుకోవచ్చు. పికప్‌ను బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. ఈ వ్యాసంలోని లెక్కలకు మాత్రం వీటినే ఆధారంగా తీసుకోవడం జరిగింది.

ప్రేరకత్వం, కెపాసిటన్స్ ఒకచోట చేరితే అనునాదం పుడుతుంది. అంటే ఒక పౌనఃపున్యం వద్ద సంకేతం ఉబ్బి శిఖరంగా మారుతుంది. దానికి పైనున్న పౌనఃపున్యాలు వేగంగా క్షీణిస్తాయి. ఈ అనునాద పౌనఃపున్యం ప్రేరకత్వ, కెపాసిటన్స్‌ల లబ్ధపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఇక్కడ సాధారణంగా విస్మరణకు గురయ్యే విషయం ఒకటుంది. టోన్ కెపాసిటర్‌ను పూర్తిగా తొలగించినా గిటార్‌లో కెపాసిటన్స్ పోదు. తీగచుట్టకు తనదైన కెపాసిటన్స్ కొంత ఉంటుంది. గిటార్ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే కేబుల్ అంతకన్నా ఎక్కువ చేరుస్తుంది. మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున 5 మీటర్ల కేబుల్ 500 పికోఫారడ్‌ల కెపాసిటర్‌తో సమానం. తీగచుట్టది మరో 100 కలిపితే మొత్తం 600. ఈ స్థితిలో సింగిల్ కాయిల్ పికప్ శిఖరం సుమారు 4,400 హెర్ట్జ్ వద్ద, హంబకర్ శిఖరం సుమారు 3,100 హెర్ట్జ్ వద్ద ఏర్పడతాయి. మొదటిది పదునుగా, రెండవది నిండుగా వినిపించడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

టోన్ నాబ్‌ను 10 వద్దే ఉంచే వాద్యకారునికి నిజమైన టోన్ కెపాసిటర్ అతని కేబులే. అటువంటివారు కేబుల్ పొడవు మార్చి చూస్తే, ఖరీదైన కెపాసిటర్ ఇవ్వని తేడా వెంటనే వినిపిస్తుంది.

3. నాబ్ తిప్పినప్పుడు జరిగేది

టోన్ వలయంలో రెండే భాగాలుంటాయి. సంకేతం నుంచి మొదలై ఒక పొటెన్షియోమీటర్, దాని వెనుక శ్రేణిలో ఒక కెపాసిటర్, అక్కడి నుంచి భూసంధానం. సింగిల్ కాయిల్ గిటార్లలో సాధారణంగా 250 కిలోఓమ్‌ల పొటెన్షియోమీటర్‌ను, హంబకర్ గిటార్లలో 500 కిలోఓమ్‌లదాన్ని వాడతారు. నాబ్ 10 వద్ద ఉన్నప్పుడు ఆ నిరోధమంతా కెపాసిటర్‌కు ముందు అడ్డుగా నిలుస్తుంది. 1,000 హెర్ట్జ్ వద్ద 22 నానోఫారడ్‌ల కెపాసిటర్ ప్రతిరోధం సుమారు 7,200 ఓమ్‌లు, 47 నానోఫారడ్‌లదానికి సుమారు 3,400 ఓమ్‌లు. రెండున్నర లక్షల ఓమ్‌ల పక్కన ఈ రెండింటి మధ్య తేడా లెక్కలోకి రాదు. కాబట్టి నాబ్ 10 వద్ద ఉండగా కెపాసిటర్ మార్చి ధ్వని మారిందని చెప్పేవారు, నిజానికి మరేదో మార్పును విన్నారని భావించాలి. తంతులు కొత్తవి కావచ్చు, పికప్ ఎత్తు కదిలి ఉండవచ్చు, లేదా వినాలన్న కోరికే వినిపించి ఉండవచ్చు.

నాబ్‌ను తగ్గిస్తూ పోతే మొదట పై శిఖరం అణిగిపోతుంది. నిరోధం కొన్ని పదుల కిలోఓమ్‌లకు చేరేసరికి శిఖరమన్నదే లేని చదునైన స్థితి వస్తుంది. వాద్యకారులు ‘మెత్తన’ అని వర్ణించేది చాలావరకు ఈ మధ్యస్థితినే. ఈ ప్రాంతంలో ధ్వనిని శాసించేది ప్రధానంగా నిరోధమే. కెపాసిటర్ విలువ ప్రభావం క్రమంగా పెరుగుతూ వస్తుంది.

నాబ్ 0 వద్దకు చేరినప్పుడు కథ మారుతుంది. ‘కెపాసిటర్ పై పౌనఃపున్యాలను భూమికి పంపివేస్తుంది’ అన్న ప్రచలిత వివరణ ఇక్కడ సగమే నిజం. ఇప్పుడు కెపాసిటర్ నేరుగా తీగచుట్టకు సమాంతరంగా నిలిచి, దాని ప్రేరకత్వంతో కలిసి కొత్త అనునాదాన్ని సృష్టిస్తుంది. హంబకర్‌తో 22 నానోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటే ఆ శిఖరం సుమారు 510 హెర్ట్జ్ వద్ద ఏర్పడుతుంది. అంటే పై పౌనఃపున్యాలు తగ్గడమే కాక, మధ్యస్థాయిలో ఒక భాగం ఉబ్బుతుంది కూడా. క్రీమ్ బృందంలో ఎరిక్ క్లాప్టన్ 1967లో వినిపించిన, ‘ఉమన్ టోన్’గా ప్రసిద్ధమైన నాదం ఇటువంటిదే. హంబకర్ పికప్‌లున్న గిబ్సన్ గిటార్‌పై టోన్‌ను బాగా తగ్గించి, యాంప్లిఫయర్‌ను దాని పరిమితికి మించి నడిపినప్పుడు ఈ మధ్యస్థాయి ఉబ్బు యాంప్లిఫయర్‌లో కొత్త అనుస్వరాలను పుట్టిస్తుంది. గొంతు బొంగురుగా, అయినా పాడుతున్నట్టుగా వినిపించే ఆ గుణం అందులోంచి వస్తుంది. టోన్ నాబ్ కేవలం కోత పరికరమే అయితే అటువంటి నాదం సాధ్యమయ్యేది కాదు.

గిటార్‌లోని లావుపాటి ఇ తంతి ప్రాథమిక పౌనఃపున్యం 82 హెర్ట్జ్. సన్నని ఇ తంతిది 330. అదే తంతిపై 22వ ఫ్రెట్ వద్ద 1,175. శిఖరం 500 హెర్ట్జ్ వద్ద ఉంటే సన్నతంతి పై స్వరాలలో అనుస్వరాలే కాక ప్రాథమిక స్వరం కూడా క్షీణిస్తుంది. ఉపోద్ఘాతంలో పేర్కొన్న ‘మసక’కు మూలం ఇదే.

4. ఫెండర్, గిబ్సన్ విలువల పోలిక

కెపాసిటర్లపై విలువను రాసే తీరు కొత్తవారిని తికమక పెడుతుంది. 0.022 మైక్రోఫారడ్, 22 నానోఫారడ్, 22,000 పికోఫారడ్ ఒకటే. భాగంపై 223 అని ముద్రించి ఉంటే 22 పక్కన మూడు సున్నాలు చేర్చి పికోఫారడ్‌లుగా చదువుకోవాలి. ఆ లెక్కన 473 అంటే 47 నానోఫారడ్‌లు, 104 అంటే 100 నానోఫారడ్‌లు.

1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో మొదట 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండేది. 2.2 హెన్రీల పికప్‌తో దాని అనునాదం సుమారు 340 హెర్ట్జ్. అంటే సన్నని ఇ తంతిని ఉత్తగా మీటినప్పుడు పలికే స్వరానికి దాదాపు సమీపం. పైన ఉన్న సంగీతమంతా ఆ నాబ్ కింద అణిగిపోతుంది. తరువాతి దశల్లో ఫెండర్ ఈ విలువను 0.05కు, ఆపైన 0.022కు తగ్గించింది. 0.05కు సమీపమైన నేటి ప్రామాణిక విలువ 47 నానోఫారడ్‌లు. దానితో శిఖరం సుమారు 495 హెర్ట్జ్‌కు చేరుతుంది. 22తో 720కి చేరుతుంది. 4.7 నానోఫారడ్‌లు వాడితే 1,560 హెర్ట్జ్ దాకా వెళ్తుంది.

గిబ్సన్ హంబకర్ గిటార్లకు 22 నానోఫారడ్‌లు ఆనవాయితీ. ఫెండర్‌కు 47, గిబ్సన్‌కు 22 అన్న ఈ భేదాన్ని రెండు సంప్రదాయాల రుచిభేదంగా వర్ణించడం పరిపాటి. లెక్క వేస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. 2.2ను 47తో గుణిస్తే 103.4, 4.4ను 22తో గుణిస్తే 96.8. రెండు లబ్ధాలూ దాదాపు సమానం కాబట్టి రెండు శిఖరాలూ 500 హెర్ట్జ్ సమీపంలోనే నిలుస్తాయి. అంకెలు వేరైనా నాబ్ చివరన చేరే చోటు ఒకటే. ఇది గమనించకుండా ‘గిబ్సన్ విలువ’ను ఫెండర్ గిటార్‌లో పెట్టినవారు గిబ్సన్ నాదానికి దగ్గర కాలేదు, దూరమయ్యారు. ఆ మార్పు వారికి నచ్చి ఉండవచ్చు, అది వేరే సంగతి.

1952 నుంచి 1967 వరకు టెలికాస్టర్ వైరింగ్ ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. అందులో స్విచ్‌ను ఒక కొసకు జరిపితే మెడ వైపు పికప్‌కు కెపాసిటర్ స్థిరంగా కలిసి, బాస్ వాద్యాన్ని తలపించే ధ్వని వచ్చేది. ఆ స్థానంలో టోన్ నాబ్ పనిచేసేది కాదు. 1967లో సంస్థే ఆ ఏర్పాటును మార్చింది. ఒకే విలువను వాద్యకారునిపై స్థిరంగా రుద్దడంలో ఉన్న ఇబ్బందికి ఇదొక చారిత్రక నిదర్శనం.

5. పదార్థం గురించిన వాదం

కెపాసిటర్‌లో రెండు వాహక పలకల మధ్య విద్యుత్తును సాగనివ్వని పొర ఉంటుంది. దీనినే రోధకం అంటారు. మైనంలోనో నూనెలోనో నానబెట్టిన కాగితం, పింగాణీ, పాలిస్టర్, పాలిప్రొపిలీన్, అభ్రకం రోధకాలుగా వాడుకలో ఉన్నాయి. నూనె కాగితం ‘వెచ్చగా’, పింగాణీ ‘కరకుగా’ పలుకుతాయన్నది మార్కెట్‌లో ప్రబలమైన మాట. ఈ మాటను తేలిగ్గా కొట్టివేయడం కన్నా, రోధకాల మధ్య ఉన్న నిజమైన తేడాలను ఒక్కొక్కటిగా గిటార్ వలయంలో పెట్టి చూడటం మేలు.

మొదటి తేడా శక్తినష్టం. ఏ కెపాసిటర్ కూడా పరిపూర్ణం కాదు. కొంత శక్తి రోధకంలో వేడిగా పోతుంది. ఈ నష్టగుణకం పాలిప్రొపిలీన్‌కు సుమారు 0.0005 ఉంటే, చౌక రకం పింగాణీకి 0.025 దాకా ఉండవచ్చు. అంటే యాభై రెట్లు ఎక్కువ. వినడానికి పెద్ద అంకెలా కనిపిస్తుంది. హంబకర్‌తో 22 నానోఫారడ్‌ల కెపాసిటర్ అనునాదం చెందే చోట దీనిని నిరోధంగా మార్చి చూస్తే పాలిప్రొపిలీన్‌కు సుమారు 7 ఓమ్‌లు, పింగాణీకి సుమారు 360 ఓమ్‌లు వస్తాయి. ఇవి కలిసేది 8,000 ఓమ్‌ల తీగచుట్ట నిరోధంతో. ఆ కలయిక వల్ల శిఖరం ఎత్తులో వచ్చే తేడా అర డెసిబెల్ కన్నా తక్కువ. తీగచుట్టే ఇంత నష్టకారి అయినప్పుడు దాని పక్కన కెపాసిటర్ శుద్ధతకు విలువ ఉండదు. స్పీకర్ వలయాల్లోనో అతి తక్కువ నిరోధం గల వలయాల్లోనో ఇదే తేడా గణనీయం కావచ్చు. అక్కడి అనుభవాన్ని గిటార్‌కు అన్వయించడం ఈ వాదంలో పదే పదే జరిగిన పొరపాటు.

రెండవది వోల్టేజ్. కొన్ని పింగాణీ రకాల కెపాసిటన్స్ వోల్టేజ్‌ను బట్టి మారుతుంది. అందువల్ల సంకేతం వక్రీకరణకు లోనవుతుంది. కాని ఇది భాగం భరించగల వోల్టేజ్‌లో చెప్పుకోదగ్గ వంతు దానిపై పడినప్పటి మాట. పికప్ సంకేతం ఒకటి రెండు వోల్టులు దాటడమే అరుదు. 400, 600 వోల్టుల కెపాసిటర్లు వందల వోల్టులు నడిచే వాల్వ్ యాంప్లిఫయర్‌లో అవసరం, గిటార్‌లో 50 వోల్టులది చాలు. ఎక్కువ వోల్టులది వాడితే నష్టం లేదు, గూటిలో పట్టాలంతే.

మూడవది విలువలోని ఖచ్చితత్వం. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఫిల్మ్ కెపాసిటర్లు ముద్రించిన విలువకు 5 లేదా 10 శాతం లోపు ఉంటాయి. కొన్ని చౌక పింగాణీ రకాలకు అనుమతించిన తేడా 20 శాతం తక్కువ నుంచి 80 శాతం ఎక్కువ వరకు. అంటే 22 అని ముద్రించిన భాగం వాస్తవంగా 17.6 నానోఫారడ్‌లు కావచ్చు, 39.6 కూడా కావచ్చు. హంబకర్‌తో మొదటిది 572 హెర్ట్జ్ వద్ద, రెండవది 381 హెర్ట్జ్ వద్ద అనునాదం చెందుతుంది. ఈ రెండింటి నిష్పత్తి మూడుకు రెండు. సంగీత పరిభాషలో చెప్పాలంటే షడ్జ పంచమాల అంతరం. ఇంత తేడాను శిక్షణ లేని చెవి కూడా పట్టుకుంటుంది. పట్టుకుని, భాగంపై ఉన్న అంకె ఒకటే కనుక తేడా పదార్థానిదేనని తీర్పు ఇస్తుంది. విన్నది నిజమే, చెప్పిన కారణం కాదు.

పాత కాగితపు కెపాసిటర్ల విషయంలో మరో మెలిక ఉంది. దశాబ్దాల కాలంలో తేమ చేరి వాటి విలువ మారుతుంది. రోధకం బలహీనపడి కొంత విద్యుత్తు కారుతుంది. ఆ కారుడు 100 కిలోఓమ్‌ల నిరోధంతో సమానమయ్యే స్థితికి చేరిందనుకుంటే, నాబ్ 0 వద్ద హంబకర్ శిఖరం సుమారు 2 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఇది వినిపించగల తేడా. కాబట్టి పాత తుమ్మెద వేరుగా పలుకుతోందన్నవారందరూ భ్రమపడ్డారని అనలేం. అయితే వారు ఇష్టపడినది ఆనాటి తయారీ రహస్యాన్ని కాదు, ఆ భాగం శిథిలతను. కొత్త ఫిల్మ్ కెపాసిటర్‌కు సమాంతరంగా 100 కిలోఓమ్‌ల నిరోధకాన్ని కలిపితే అదే ఫలితం అతి తక్కువ ఖర్చుతో లభిస్తుంది. పైగా పాతది ఇంకా కారుతూ పోతుంది, కొత్తది నిలకడగా ఉంటుంది.

6. చెవి, మాట, పరీక్ష

నాదగుణాన్ని మాటల్లో పెట్టడం ఏ భాషలోనైనా కష్టమే. తంబురా గుర్రంపై తంతి కింద నూలుపోగును వెంట్రుకవాసి జరిపితే నాదం ‘విచ్చుకుంది’ అంటారు. అది అనుస్వరాల మార్పు అని విడిగా చెప్పనక్కర లేకుండానే వింటున్నవారికి తెలుస్తుంది, ఎందుకంటే పోగు జరిపినది వారి కళ్లముందే. గిటార్ కెపాసిటర్ విషయంలో ‘వెచ్చదనం’, ‘తీపి’, ‘గాజులాంటి’ వంటి మాటలకు అటువంటి ఉమ్మడి అనుభవం లేదు. భాగం ధర, రంగు, వయస్సు ముందే తెలిసినవారు వాటికి తగిన విశేషణాన్ని ఎంచుకుంటారు. నూనె అన్న మాట వింటే నునుపు, పింగాణీ అన్న మాట వింటే కరకు స్ఫురించడం భాష చేసే పని. ఆ స్ఫురణ చెవి సాక్ష్యంగా చలామణి కావడమే చిక్కు.

ఇందుకు విరుగుడు కళ్లు మూసుకుని వినే పరీక్ష. పోల్చదలచిన రెండు కెపాసిటర్లను ముందుగా మీటరుతో కొలవాలి. విలువలు 1 శాతం లోపు కలవకపోతే ఆ పోలికకు అర్థం లేదు. ఒకరు వాయిస్తుండగా మరొకరు నాణెం ఎగరవేసి, పడిన వైపును బట్టి స్విచ్ మార్చాలి. స్విచ్ శబ్దం రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉండాలి. వినేవారు పదిసార్లు తీర్పు చెప్పాలి. కేవలం ఊహతో పదింటిలో ఎనిమిది లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెప్పగల అవకాశం సుమారు 5.5 శాతం. కాబట్టి ఏడుతో సంబరపడకూడదు. తొమ్మిది వస్తే పరీక్షను మళ్లీ జరిపి చూడటం న్యాయం.

7. ఎంపిక విధానం

నాబ్‌ను 0కు తిప్పినప్పుడు ఏ ధ్వని కావాలో వాద్యకారుడు మొదట నిర్ణయించుకోవాలి. జాజ్ శైలిలో మందమైన నాదం కోరేవారికి 500 హెర్ట్జ్ ప్రాంతపు శిఖరం సరిపోతుంది. కాబట్టి సింగిల్ కాయిల్‌కు 47, హంబకర్‌కు 22 నానోఫారడ్‌లు. పదును మాత్రం తగ్గి స్పష్టత నిలవాలంటే సింగిల్ కాయిల్‌కు 22, హంబకర్‌కు 10 తీసుకుంటే శిఖరం 700 నుంచి 760 హెర్ట్జ్ మధ్యకు వస్తుంది. ఇంకా తక్కువ విలువలతో నాబ్ 0 వద్ద కూడా ధ్వని ముందుకు పొడుచుకు వస్తుంది. వక్రీకరించిన యాంప్లిఫయర్‌తో సోలో వాయించేవారికి అది ఉపయుక్తం. నాబ్‌ను ఎప్పుడూ 4 కిందకు దించనివారికి మాత్రం ఈ ఎంపిక కన్నా పొటెన్షియోమీటర్ నిరోధం, అది తిరిగే తీరు ఎక్కువ ముఖ్యం.

పదార్థం విషయానికి వస్తే సామాన్యమైన పాలిస్టర్ ఫిల్మ్ కెపాసిటర్ చాలు. విలువ నమ్మదగినది, పరిమాణం చిన్నది, కాలంతో పెద్దగా మారదు. ప్రయోగం కోసం ప్రతిసారీ సోల్డరింగ్ చేయనక్కర లేదు. గూటిలోంచి రెండు తీగలు బయటికి తెచ్చి, మొసలినోటి క్లిప్పులతో ఒక్కో కెపాసిటర్‌ను తగిలించి, తన సొంత కేబుల్‌తో, తన సొంత యాంప్లిఫయర్‌పై విని చూసుకోవచ్చు. సమాంతరంగా కలిపిన కెపాసిటర్ల విలువలు కూడుకుంటాయి. 10 మరీ తేలిగ్గా, 22 మరీ బరువుగా అనిపిస్తే 10కి 4.7ను జోడించి 14.7 వద్ద ఆగవచ్చు. పాత వాద్యమైతే అందులోని అసలు కెపాసిటర్‌ను కత్తిరించకుండా ఒక కొసను మాత్రమే విడదీసి, కొత్తదాన్ని పక్కన అమర్చాలి. అసలు భాగం ధ్వనికి అవసరం కాకపోయినా ఆ వాద్యం చరిత్రలో భాగం కనుక దాన్ని గూటిలోనే ఉంచడం మంచిది.